కిక్కుకు పలకని బండిని గుజిరీకి తోలేముందు ఈ మాట వినండి



పొద్దున్నే కొట్టంలో ఎద్దు లేవలేదనుకోండి. మీరేం చేస్తారు? నోరు తెరిచి చూస్తారు. కడుపు తట్టి చూస్తారు. పేడ వేసిందా, నీళ్ళు తాగిందా, గిట్టలో ముల్లు ఏమన్నా దిగిందా అని చూస్తారు. అంతా చూసినాక గదా డాక్టరుకు ఫోన్ చేసేది. అదే మనింట్లో ఉండే పాత రాజ్‌దూతో, యెజ్డీనో, టీవీఎస్ ఫిఫ్టీనో ఒక పొద్దు పలకలేదంటే? ఇరవై కిక్కులు కొడతాం, నాలుగు తిట్లు తిడతాం, గోడకు ఆనించేస్తాం. ఆర్నెల్లకు దాని సీటు మీద కోళ్ళు పడుకుంటాయి. ఇంగో ఏడాదికి గుజిరీవాడు వచ్చి కిలో లెక్కన తూకం వేసుకోని పోతాడు. ఎద్దుకు ఇచ్చే మర్యాదలో పావలా వంతు కూడా బండికి ఇవ్వం.

నేను మెకానిక్కును కాదు. ఇంటర్ చదివి సేద్యంలోకి దిగినోణ్ణి. మూడెకరాల మామిడి, రొవంత మడి, ఇంట్లో మా నాయన కొన్న రాజ్‌దూత్, నేను కొన్న టీవీఎస్. ఈ రెండింటినీ ఇన్నేళ్ళు నడిపించి, ఊర్లో పదిమంది బండ్లు పలక్కపోతే పోయి చూసి, నాకు ఒక సంగతి బాగా తెలిసింది. స్టార్ట్ కాని టూ-స్ట్రోక్ బండి శానా మటుకు చచ్చిన బండి కాదు. దానికి వచ్చింది చిన్న జబ్బు. ఆ జబ్బు ఏందో వరసగా చూసే ఓపిక మనకు లేదు. ఆ ఓపిక లేనందుకు మనం కట్టే జరిమానా వేలల్లో ఉంటాది.

పాత బండ్ల మీద మోజుతో రాస్తా ఉండాడు అనుకోవద్దండి. టూ-స్ట్రోక్ లో లోపాలు ఉన్నాయి, నేను దాచను. పొగ వస్తాది. సగం కాలిన పెట్రోలు సైలెన్సర్ లోంచి బయటికి పోతాది. మైలేజీ ఫోర్-స్ట్రోక్ అంత ఇవ్వదు. అందుకే పొగ రూల్స్ బిగించే కొద్దీ కంపెనీలు ఒక్కోటి ఆపేసినాయి. మైసూరు ఐడియల్ జావా 1961 లో మొదలై 1996 లో మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 తయారీ కూడా 1996 తోనే ఆగింది. మన పక్కన హోసూరులో 1980 నుంచి టీవీఎస్ 50 చేసిన కంపెనీ కూడా 2015 లో ఎక్స్ఎల్ 100 ను ఫోర్-స్ట్రోక్ గానే తెచ్చింది. కాలం మారింది, ఒప్పుకుంటా. బెంగుళూరోళ్ళు వచ్చి కొనుక్కోని పోయి రంగులేసి ఫోటోలు దిగే బండి గురించి కూడా నేను మాట్లాడడంలా. నా మాట అంతా ఇంట్లో ఉన్న బండి గురించి. పాల క్యాన్లు మోసే బండి, గడ్డి మోపు తెచ్చే బండి, తోటకు ఎరువు మూట వేసుకోని పోయే బండి. 2025 సీజన్ లో తోతాపురి కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, సర్కారు 4 అని లెక్క కట్టుకున్నోళ్ళం మనం. బంగారుపాళ్యం యార్డు ముందర ట్రాక్టర్లు ఎంతదూరం నిలబడినాయో మీకు నేను చెప్పాల్నా? అట్లాంటి ఏడాది లక్ష పెట్టి కొత్త బండి కొను అని చెప్పేవాడు మన మంచి కోరేవాడా?

సరే, అసలు విషయానికి వస్తా.

టూ-స్ట్రోక్ ఇంజనులో ఏముంది? ఫోర్-స్ట్రోక్ మాదిరి వాల్వులు లేవు, క్యామ్ లేదు, టైమింగ్ చైను లేదు. పిస్టన్, రాడ్డు, క్రాంకు, అంతే, తిరిగేవి మూడే. పిస్టన్ పైకి పోయినప్పుడు కింద క్రాంకు గదిలోకి పెట్రోలు, గాలి పీల్చుకుంటాది. కిందికి వచ్చినప్పుడు దాన్నే బోరు పక్క దారుల్లోంచి పైకి తోస్తాది. పైన ప్లగ్గు మండిస్తాది. ఇంత సులువైన ఇంజను పలకాలంటే పెట్రోలు రావాల, నిప్పు రావాల, గాలి బిగువుండాల. ఈ మూటిలో ఏదో ఒకటి లేకుంటేనే అది పలకదు. నాలుగో కారణం లేదు. "దానికి మూడ్ లేదు", "ఎండకు వేడెక్కింది", "అమావాస్య" ఇవన్నీ మనం చెప్పుకునే కతలు.

అయితే ముందు ఏది చూడాల? ప్లగ్గు ఊడదీయండి. ప్లగ్గు అబద్ధం చెప్పదు. పది కిక్కులు కొట్టి వెంటనే ప్లగ్గు తీసి కొన మీద వేలు పెట్టండి. పొడిగా ఉందా? పెట్రోలు పైకి రాలేదని అర్థం. అప్పుడు కాయిలు మార్చు, పాయింట్లు మార్చు అని ఎవడైనా చెప్తే వినొద్దు. తడిగా, పెట్రోలు వాసన కొడతా ఉందా? పెట్రోలు వస్తా ఉండాది, నిప్పు లేదు, లేదా పెట్రోలు ఎక్కువై మునిగిపోయింది. నల్లగా జిడ్డుగా ఉందా? నూనె ఎక్కువ కలిపినారు, లేదా చోక్ మూసే ఉంది, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయింది. ఒక్క ప్లగ్గు స్పానరుతో సగం సంగతి తెలిసిపోతాది. ఈ స్పానరు ఇంట్లో లేని బండి యజమాని, కొడవలి లేని రైతు ఒకటే.

ప్లగ్గు పొడిగా ఉంటే ట్యాంకు దగ్గర నుంచి కిందికి రండి. ట్యాపు తిప్పినారా? నవ్వకండి, దీనికే ఒకాయన బండిని ఆటోలో వేసుకోని టౌనుకు తెచ్చింది నేను చూసినా. రిజర్వులో పెట్టినారా? ట్యాంకు మూతకు చిన్న రంధ్రం ఉంటాది, గాలి పోయేదానికి. దుమ్ముతో, తుప్పుతో అది మూసుకుంటే పెట్రోలు దిగదు. బండి రెండు మైళ్ళు పోయి ఆగుతాది, కాసేపు నిలబెడితే మళ్ళా స్టార్ట్ అవుతాది. ఊర్లో దీన్నే "దెయ్యం పట్టింది" అంటారు. మూత రొవంత వదులు చేసి నడపండి, దెయ్యం వదిలిపోతాది. తర్వాత కార్బరేటర్ కాడ పైపు పీకి సీసాలోకి వదలండి. ధారగా రావాల. బొట్లు బొట్లుగా వస్తే ట్యాపు జల్లెడలో చెత్త. ధార బాగానే ఉంటే కార్బరేటర్ లో జెట్టు మూసుకున్నట్టు. నెలల తరబడి నిలబెట్టిన బండిలో పెట్రోలు ఆవిరై నూనె మాత్రం జెట్టులో జిగురై కూర్చుంటాది. కింద గిన్నె విప్పి, జెట్టు తీసి, పెట్రోలులో కడిగి, పంక్చరు అంగట్లో గాలి కొట్టించండి. ఇనుప సూది మాత్రం దూర్చొద్దు. ఆ రంధ్రం కొలత వెంట్రుక మందం పెరిగినా మీ మైలేజీ పోతాది.

ప్లగ్గు తడిగా ఉంటే ఇంగో దారి. ట్యాపు మూయండి. చోక్ తీసేయండి. ప్లగ్గు బయటే పెట్టి, ఎక్సలేటరు పూర్తిగా తిప్పి, పదిహేను ఇరవై కిక్కులు కొట్టండి. లోపల నిలబడిన పెట్రోలు బయటికి ఊదేస్తాది. టూ-స్ట్రోక్ లో పెట్రోలు పైన బోరులోనే కాదు, కింద క్రాంకు గదిలో కూడా నిలబడతాది. అందుకే మునిగిన బండిని ఇంగా ఇంగా కిక్కు కొడితే ఇంగా మునుగుతాది. మనోళ్ళు చేసేది సరిగ్గా అదే. కోపంతో కొట్టే కిక్కు ఒక్కటీ పనికిరాదు.

ఇప్పుడు నిప్పు సంగతి. ప్లగ్గుకు వైరు తగిలించి, ప్లగ్గు ఇనుము హెడ్డుకు ఆనించి, ఇంకొకరిని కిక్కు కొట్టమనండి. ఒక హెచ్చరిక: ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఆనించండి, పెట్రోలు చిందిన చోట అసలు వద్దు. ఆ రంధ్రంలోంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుంటే మీసాలే కాదు, పాక కూడా పోతాది. నీలంగా, చిటుక్కుమని నిప్పు దూకాల. ఎర్రగా నీరసంగా వస్తే దానికి లోపల వత్తిడిలో మండించే బలం ఉండదు. బయట నిప్పు కనపడింది గదా అని సంతోషపడి చాలామంది మోసపోయేది ఇక్కడే.

నిప్పు లేకపోతే ముందు ప్లగ్గు మార్చి చూడండి. అన్నిటికన్నా చవకైనది అది. తర్వాత ప్లగ్గు టోపీ, వైరు. ఎలుకలు కొరికిన వైరు మన దగ్గర ఎంత మామూలో మీకు తెలుసు, చెనక్కాయల మూటలు పెట్టే కొట్టంలోనే బండి పెడతాం గదా. తర్వాత తాళం కాడ, హ్యాండిల్ స్విచ్చి కాడ వైరు ఎక్కడైనా ఇనుముకు తగులుతా ఉందేమో చూడండి. మ్యాగ్నెట్ బండ్లకు ఆ వైరు తగిలితే నిప్పు ఆగిపోతాది. ఆ వైరు ఒక నిమిషం పీకి కిక్కు కొడితే తేలిపోతాది. జావా, యెజ్డీ బండ్లయితే బ్యాటరీ చూడకుండా ఏమీ ముట్టుకోవద్దు. వాటికి నిప్పు బ్యాటరీ నుంచే వస్తాది. బ్యాటరీ దిగిపోయిన యెజ్డీని కిక్కు కొట్టడం, కరెంటు లేనప్పుడు మోటరు స్విచ్చి నొక్కడం ఒకటే. టీవీఎస్ 50 కి ఆ బాధ లేదు, అది మ్యాగ్నెట్ మీద నడిచేది.

ఇంగ పాయింట్లు. పాత బండ్ల జబ్బుల్లో సగం ఇక్కడే. నిలబెట్టిన బండిలో పాయింట్ల మీద చెమ్మకు పొర కడతాది. సన్న ఉప్పుకాగితంతో ఒకటి రెండు సార్లు రుద్ది, తర్వాత శుభ్రమైన తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.4 మిల్లీమీటరు దగ్గర ఉండాల. దానికి ఫీలర్ గేజి అని దొరుకుతాది, ఒకటి కొని పెట్టుకోండి. పాయింట్ల మధ్య పెద్ద పెద్ద నిప్పులు పడతా ఉంటే కండెన్సర్ పోయినట్టు. అది కూడా చిన్న వస్తువే. కిక్కు ఎదురుతన్నడం, వెనక్కి పేలడం ఉంటే టైమింగ్ జరిగింది, లేకుంటే మ్యాగ్నెట్ కాడ ఉండే చిన్న కీ తెగింది. టైమింగ్ తప్పిన టూ-స్ట్రోక్ ఇంజను ఒక్కోసారి వెనక్కి తిరుగుతాది. మొదటి గేరు వేస్తే బండి వెనక్కి పోతాది! అబద్ధం కాదు. వాల్వులు లేవు గదా, దానికి ముందూ వెనకా తేడా లేదు.

పెట్రోలు వచ్చింది, నిప్పు వచ్చింది, అయినా పలకలేదు. ఇక్కడే మన జేబుకు చిల్లు పడేది. ఇక్కడే నాకు కోపం వచ్చేది.

మా పక్క ఊరి రైతు ఒకాయన బండి ఇట్లనే పలక్కపోతే టౌనులో ఒక షెడ్డుకు తీసుకుపోయినాడు. షెడ్డాయన రెండు కిక్కులు కొట్టి "బోరు పోయింది" అన్నాడు. ప్లగ్గు కూడా తీయలేదు. బోరు కొట్టించి, కొత్త పిస్టన్, రింగులు వేసి, కూలీతో కలిపి మూడు వారాలు బండి పెట్టుకోని వేలల్లో బిల్లు వేసినాడు. బండి ఒక వారం నడిచింది, మళ్ళా మొదటికే వచ్చింది. కిక్కుకు పలకదు, తోస్తే పలుకుతాది, పలికితే తెల్లటి పొగ ఊరంతా కమ్ముతాది. గేరు ఆయిలు చూస్తే తగ్గిపోయింది. పోయింది బోరు కాదు. క్రాంకు ఆయిలు సీలు. బిల్లులో పదో వంతు కూడా కాదు దాని ఖరీదు.

ఈ సీలు సంగతి మన రైతులకు చెప్పినంత సులువుగా ఇంకెవరికీ చెప్పలేం. బావి మోటరుకు సక్షన్ పైపు జాయింటులో గాలి పీలిస్తే ఏమవుతాది? మోటరు తిరుగుతాది, నీళ్ళు ఎత్తదు. మోటరు పాడైందని దాన్ని ఊడదీసి రీవైండింగుకు ఇస్తామా? ఇయ్యం. జాయింటు బిగిస్తాం. టూ-స్ట్రోక్ లో క్రాంకు గది కూడా పంపే. దానికి రెండు పక్కలా రబ్బరు సీళ్ళు. ఏళ్ళ తరబడి నిలబెట్టిన బండిలో ఆ రబ్బరు ఎండి గట్టిపడతాది. మ్యాగ్నెట్ పక్క సీలు పోతే బయటి గాలి పీలుస్తాది, పెట్రోలు పల్చబడి ఇంజను పలకదు, పలికినా వేడెక్కి పిస్టన్ పట్టేస్తాది. గేరుబాక్సు పక్క సీలు పోతే గేరు ఆయిలు పీల్చి మండిస్తాది, అందుకే ఆ తెల్లపొగ. ఈ రెండు గుర్తులు తెలిసినోడు "బోరు పోయింది" అనే మాటకు తల ఊపడు.

బోరు నిజంగా పోయిందా అని ఇంట్లోనే చూడొచ్చు. ప్లగ్గు తీసి రంధ్రానికి బొటనవేలు గట్టిగా అదిమి కిక్కు కొట్టించండి. వేలిని తోసేయాల. తోయకపోతే, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్ళా చూడండి. ఇప్పుడు తోసిందా, రింగులో బోరో అరిగింది నిజమే. తోయలేదా, హెడ్డు ప్యాకింగు లాంటిది ఏదో లీకు. ఇంత చిన్న పరీక్ష చేయకుండా బోరు విప్పే మనిషికి బండి ఇవ్వొద్దండి. "అన్నా, ముందు ప్లగ్గు తీసి చూడు, వేలు పెట్టి చూడు" అని అడగండి. కోపం తెచ్చుకుంటే ఇంగో షెడ్డుకు పోండి. మంచి మెకానిక్కులు లేరని కాదు. రాజ్‌దూత్ శబ్దం విని జబ్బు చెప్పే పెద్దోళ్ళు మన బంగారుపాళ్యంలో, పలమనేరులో, చిత్తూరులో ఉన్నారు. వాళ్ళ దగ్గర పని నేర్చుకునే పిల్లోళ్ళే లేరు. ఇప్పటి పిల్లోళ్ళకు ల్యాప్‌టాప్ తగిలిస్తే జబ్బు చెప్పే బండ్లు వచ్చినాయి, వాళ్ళను తప్పుపట్టేది లేదు. కానీ తెలియంది తెలియదని చెప్పకుండా బోరు మీద నెట్టేదాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

గాలి సంగతిలో ఇంకొకటి, సైలెన్సర్. టూ-స్ట్రోక్ నూనె కాల్చే బండి, ఆ మసి సైలెన్సర్ లో పేరుకుంటాది. పీల్చే దారి బాగున్నా వదిలే దారి మూసుకుంటే ఇంజను ఊపిరాడక చస్తాది. మట్టిగూడు కట్టే కందిరీగ కూడా నిలబెట్టిన బండి సైలెన్సర్ లో గూడు కడతాది, నేను రెండుసార్లు తీసినా. కిక్కు కొట్టేటప్పుడు సైలెన్సర్ చివర చెయ్యి పెట్టండి, గాలి తగలాల. మసి పట్టిన లోపలి గొట్టాన్ని కాస్టిక్ సోడా నీళ్ళలో ఒక రాత్రి నానబెడితే పొర లేస్తాది. చేతికి గ్లౌజు, కంటికి అద్దం పెట్టుకోండి. అల్యూమినియం సామాను దాంట్లో వేశారంటే తినేస్తాది, ఇనుము మాత్రమే వేయండి.

ఇంగ మన తప్పులకు వస్తా, మెకానిక్కునే తిట్టి ఊరుకుంటే న్యాయం కాదు. నూనె కలిపే లెక్క మన ఊర్లో ఒక్కరికీ ఒకటిగా లేదు. టీవీఎస్ లాంటి బండికి ఇప్పటి 2టీ ఆయిలు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు చాలు. పాత రాజ్‌దూత్, యెజ్డీలకు 40 దగ్గర. "ఎక్కువ పోస్తే ఇంజనుకు మంచిది" అనేసి వంద పోసేవాళ్ళు ఉన్నారు. నూనె ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి నిప్పు చస్తాది, సైలెన్సర్ మూసుకుంటాది. తక్కువైతే పిస్టన్ పట్టేస్తాది. ఇంకొందరు ట్రాక్టరులోంచి తీసిన నల్ల ఆయిలు పోస్తారు. అది బండికి పెట్టే విషం. అరవై రూపాయలు మిగిలించుకోని ఆరువేల ఇంజను చంపుకునే లెక్క ఏ బడిలో నేర్పినారో నాకు తెలియదు.

పెట్రోలు గురించి కూడా చెప్పాల, ఇది కొత్త సమస్య. ఇప్పుడు బంకులో మనకు పోసేది నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2022 జూన్ కు పది పాళ్ళు అయింది, 2023 ఫిబ్రవరిలో ఇరవై మొదలైంది, 2025 కు దేశమంతా వచ్చేసింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా బంకుల్లో పెట్టమని వేసిన కేసును సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1 న కొట్టేసింది. పాత బండ్లకు రబ్బరు సామాను, గాస్కెట్లు కొన్ని ఇరవై ముప్పై వేల కిలోమీటర్లకు మార్చుకోవాల్సి రావచ్చని కేంద్రమే చెప్పింది. మరి మార్చుకునే ఖర్చు ఎవరిది? మనదే. ఎవరూ మనల్ని అడగలేదు.

ఇక్కడ కొందరు నాతో వాదానికి వస్తారు. "ఇథనాల్ చెరుకు నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి వచ్చేది, రైతుకు మంచిదే గదా" అని. మంచిదే, ఎవరి రైతుకు? మన చిత్తూరు సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతబడింది. గాజులమండ్యం ఫ్యాక్టరీ మూతబడింది. మన చెరుకు బెల్లం గానుగకే పోతా ఉండాది. లాభం యాడనో ఉండాది, జెట్టులో చెమ్మ మాత్రం మన ఇంట్లో ఉండాది. అయినా స్టార్ట్ కాని ప్రతి బండికీ ఇథనాలే కారణం అని అరిచేవాళ్ళతో కూడా నేను కలవను. రోజూ నడిచే బండికి దాంతో పెద్ద తేడా నేను చూడలేదు. చిక్కంతా నిలబెట్టిన బండికే. ఇథనాల్ గాలిలో చెమ్మను పీలుస్తాది. ఎక్కువైతే ఆ నీళ్ళు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ట్యాపు లాగేది అడుగునుంచే. మన బండ్లకు ఇంకో ప్రమాదం ఏందంటే, మనం కలిపిన నూనె పైన పెట్రోలులోనే ఉంటాది, అడుగు నీళ్ళలో ఉండదు. అంటే ఇంజనులోకి ముందుగా పోయేది నూనె లేని నీళ్ళు. రెండు నెలలు నిలిచిన బండి ట్యాంకు నుంచి గాజు సీసాలోకి రొవంత పట్టి అరగంట నిలబెట్టండి. కింద వేరే పొర కనిపిస్తే మొత్తం పారబోసి కొత్తది పోయండి. కిక్కు ముట్టుకునే ముందే ఈ పని చేయాల.

ఇంతా చదివి "నాకు పాత బండి లేదు, నాకెందుకు" అనుకునే తమ్ముళ్ళు ఉంటారు. మీ పవర్ స్ప్రేయరు చూడండి. కలుపు కోసే బ్రష్ కట్టరు చూడండి. మోడ్లు కోసే రంపం చూడండి. ఫోర్-స్ట్రోక్ వి వచ్చినా మన ఇండ్లలో ఉండేవి శానా మటుకు టూ-స్ట్రోకే. రాజ్‌దూత్ లో ఉన్నదే చిన్నదిగా చేసి మీ వీపు మీద పెట్టినారు. మామిడి పూతకు తేనెమంచు పురుగు పడినప్పుడు స్ప్రేయరు తాడు లాగి లాగి భుజం పోయి, "కంపెనీ మంచిది కాదు" అని కొత్తది కొన్నోళ్ళు ఎంతమంది? పోయినేడాది వాడి, పెట్రోలు ట్యాంకులోనే వదిలేసి అటక మీద పెట్టినారు. జెట్టులో జిగురు, ప్లగ్గు మీద మసి, అంతే. పూతకు మందు కొట్టాల్సిన మూడు రోజులు దాటిపోతే కాపు పోతాది. దాని ముందర స్ప్రేయరు ధర ఒక లెక్కా?

కాగితాల మాట కూడా చెప్పి ముగిస్తా. "పదహైదేండ్లు దాటితే బండి గుజిరీకి ఇయ్యాల్సిందే, గవర్నమెంటు రూలు" అని గుజిరీవాళ్ళే చెప్పుకోని తిరుగుతా ఉండారు. నమ్మొద్దు. అట్లాంటి రూలు ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర పదహైదేండ్లకు ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుంటే ఇంకో ఐదేళ్ళు నడుపుకోవచ్చు, బండి ఫిట్‌నెస్ కు నిలబడాల. 300 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 1000 చేసినారు, ఇరవై ఏండ్లు దాటినదానికి 2025 ఆగస్టులో 2000 చేసినారు. భారమే, కానీ బండి విలువతో పోల్చి చూసుకోండి. యాభై ఏండ్లు దాటిన బండికి 2021 లో వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఒకటి పెట్టినారు. కొత్తగా చేయించాలంటే 20,000 ఫీజు, నంబరు మధ్యలో వీఏ అని వస్తాది. గొప్పగా ఉందని మోసపోవద్దు. ఆ నంబరు వేసుకున్న బండిని రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. గడ్డి మోపు వేసుకోని పోయేవాడికి అది వద్దే వద్దు, మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోండి.

నెల కన్నా ఎక్కువ నిలబెట్టాల్సి వస్తే, ట్యాపు మూసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి కార్బరేటర్ ఖాళీ చేయండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి ఎండబెట్టండి. ప్లగ్గు తీసి ఒక చెంచా 2టీ ఆయిలు పోసి నిదానంగా రెండు కిక్కులు కొట్టి ప్లగ్గు బిగించండి. సైలెన్సర్ నోట్లో ఒక గుడ్డ దోపి, గుర్తుకు దాని కొస హ్యాండిలుకు కట్టండి, లేకుంటే రేపు దాన్ని మరిచిపోయి మళ్ళా ఇరవై కిక్కులు కొడతారు. కోళ్ళను మాత్రం సీటు మీద పడుకోనీయొద్దు.